అంచున వేసిన కుర్చీ

నా కెమెరాను మా అమ్మ ఎన్నడూ కెమెరా అనలేదు. "ఆ రుబ్బురాయిని మంచం మీద నుంచి తియ్యప్పా" అనేది. ఆమె తప్పేమీ లేదు. ఒక్కో ఫిల్ముకు పన్నెండు బొమ్మలు పడే పాత కెమెరా, దాని ముందు గిన్నెంత వెడల్పున్న వైడ్ లెన్సు. రెండూ కలిపి తగిలించుకుంటే సాయంత్రానికి మెడ నాది కాదు. బెంగళూరులో ఉద్యోగం, వారానికి ఆరు రోజులు తెల్లవారి రైలెక్కడమే సరిపోయేది. మిగిలిన ఒక్క ఆదివారాన్నీ ఆ రాయికి ధారపోశానని ఆమె కోపం.

కానీ బంగారు గనులు మూసిన తర్వాత మా ఊరు కేజీఎఫ్‌లో ఆ లెన్సుతోనే నాకు పేరొచ్చింది. గని కార్మికుల లైను ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. గదిలో నాలుగడుగులు వెనక్కి వేస్తే వీపుకు గోడ తగులుతుంది. మామూలు లెన్సులో ముగ్గురు పట్టే చోట నా లెన్సులో ఇంటిల్లిపాదీ పట్టేవాళ్ళు. దానికి ఒక్కటే దుర్గుణం, అంచున ఉన్న మనిషిని సాగదీస్తుంది. నడుమ దూరంగా కూర్చున్న మనిషిని కుదిస్తుంది. అందుకని "అంచుకు పోవద్దు, పూరీలా ఉబ్బుతారు" అని అందరినీ కసిరేవాణ్ణి. లెన్సు చేసే మోసాన్ని కనిపెట్టి ఆపేవాణ్ణని నాకు కొంచెం పొగరుండేది.

మా వెనక లైనులో ఒక మామ ఉండేవాడు. చుట్టం కాదు, మా నాన్న గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పటి నుంచి ఆ పిలుపు. చర్చికి పోయే కుటుంబం. మామ భూమి లోపల రాయి తొలిచే పని చేశాడు, ఆదివారాలు గని ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. ఆయన నిలబడితే వెనక గోలు కనపడేది కాదని చెప్పుకునేవాళ్ళు. గనులు మూసేనాటికే ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము చేరింది. మనిషి ఏడాదికేడాది చిక్కిపోయాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉండేది. తనను అట్లా ఎవరూ చూడకూడదని పగలు కూడా వీధి తలుపు వేసుకునే కూర్చునేవాడు. ఇంట్లో ఆయన ఫోటో అంటే పాత కంపెనీ కార్డు మీదిదొక్కటే.

మనవరాలి బాప్తిస్మం రోజు అత్త నన్ను పిలిచింది. "అందరం ఉండాము. ఆయన కూడా సరే అన్నాడు. మల్లా అంటాడో అనడో, వచ్చి తీసిపోప్పా" అంది. పదకొండు మందిమి ఆ గదిలో ఇరుక్కున్నాం. ఇంటి పెద్ద కదా అని మామను గోడకు ఆనించి సరిగ్గా నడుమ కూర్చోబెట్టాను. అత్తది నిండైన ఒళ్ళు. ఆమె పిల్లల్ని సర్దుతూ సర్దుతూ చివరికి అంచున మిగిలిపోయింది. వెలుతురు పోతోందన్న తొందరలో అదీ చూసుకోలేదు. ఊరందరికీ శకునాలు చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

ప్రింటు ఇచ్చి వచ్చిన మర్నాడే అత్త మా ఇంటికొచ్చింది. నాతో కాదు, మా అమ్మతో మాట్లాడింది. "దాన్ని చూసినప్పటి నుంచి ఆయన నోట్లో ముద్ద పెట్టలేదక్కా. నేను ఆయన కూడు కూడా తిన్నట్టుండానంట. ఆయన చంటిబిడ్డ మాదిరి ఉండాడంట. ఫోటోను మడిచి పారేసినాడు."

అమ్మ నా వైపు ఒకసారి చూసి, అత్తకు కాఫీ పెట్టడానికి లేచింది. తిట్టి ఉంటే బాగుండేది. లెన్సు గుణం తెలిసీ, చిక్కిపోయిన మనిషిని ఇంకా చిక్కి కనపడేట్టు చేసినవాణ్ణి నేను. సిగ్గుతో నాకూ ఆ పూట అన్నం సయించలేదు.

తర్వాతి ఆదివారం మళ్ళీ పోయాను. "తప్పు నాది మామా. నిన్ను కూర్చోబెట్టకూడని చోట కూర్చోబెట్టినాను. ఇంకోసారి తీస్తాను" అన్నాను.

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ముందు ఆ ఫిలిం నా ముందర కత్తిరించు."

సంచిలోంచి నెగటివ్ తీసి, అత్త ఇచ్చిన కత్తెరతో ఆ బొమ్మను నాలుగు ముక్కలు చేశాను. ఆయన ముక్కలు లెక్కపెట్టినట్టు చూసి, "ఇంగ యాడ కూర్చోమంటావో చెప్పు" అన్నాడు.

తలుపు పక్కన, కుడి అంచున ఆయనకు కుర్చీ వేశాను, మూరెడు ముందుకు జరిపి మరీ. అత్తను వెనక గోడ దగ్గర నడుమ నిలబెట్టాను. ఆ కెమెరాలో పైనుంచి వంగి చూడాలి, కుడి ఎడమగా కనపడుతుంది. నేను ఇటు అంటే ఆయన అటు వంగుతాడు, పిల్లలు నవ్వుతారు. ఆయనా నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరగకముందే నొక్కేశాను. ఇన్నాళ్ళూ ఏ మోసాన్నయితే ఆపుతూ వచ్చానో దాన్ని ఆ రోజు దగ్గరుండి చేయించాను. నాకేమీ బాధ అనిపించలేదు.

ఈసారి ప్రింటులో మామకు భుజాలొచ్చాయి, బుగ్గలొచ్చాయి. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "ఇంగ గోల్లో నిలబడొచ్చు" అన్నాడు. అత్త తొంగి చూసి, "నన్ను సగానికి కోసేసినావు కదప్పా" అని మురిసిపోయింది. ఫోటో వీధిలోకి కనపడేట్టు ఎదురుగోడకు తగిలించారు. అది అందరికీ కనపడాలని మామ తలుపు తీసి పెట్టించాడు. తీసిన తలుపు దగ్గరే తానూ కూర్చోవడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు పలకరించేవాళ్ళు. నేను తీసిన ఫోటోలన్నిటిలో నాకు గర్వంగా ఉండింది అదొక్కటే.

ఆయన ఆ పైఏడు వానాకాలంలో పోయాడు. చర్చిలో పెట్టడానికి ఆ ఫోటో అంచు నుంచే ముఖాన్ని పెద్దది చేయించి తెచ్చాను. "ఎంత పుష్టిగా ఉండినాడు మనిషి" అని వచ్చినవాళ్ళు అనుకుంటుంటే, మామ వింటే బాగుండునని నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో ప్రార్థన ముగిసి అందరూ పోయాక అత్త నన్ను వంటగదిలోకి పిలిచింది. బిస్కట్ల డబ్బాలోంచి ఒక కాగితం తీసి చేతిలో పెట్టింది. మొదటి ఫోటో. నాలుగు మడతలూ పగిలి, ఒక మడత సరిగ్గా మామ ఛాతీ మీదుగా పోయింది.

"పారేసింది ఏరి దాచిపెట్టుకున్నాను. విరిగిపోతా ఉండాది. దీని మాదిరే ఇంగొకటి చేసియ్యప్పా."

"దీని ఫిలిం కత్తిరించేశాను కదత్తా, మీ ముందరే."

"తెలుసు. కత్తెర ఇచ్చింది నేనే కదా. దీన్నే ముందర పెట్టుకుని ఫోటో తియ్యి."

"గోడ మీద అంత మంచిది ఉండగా..."

"అది ఆయనకి, ఊరికి. నేను మూడేండ్లు ఎత్తి కూర్చోబెట్టింది, నీళ్ళు పోసింది ఈ ఒంటికి. ఈ మనిషి నాకు యాడా లేడు."

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాను. వైడ్ లెన్సును ఇంట్లోనే వదిలి, కెమెరాకు ఉన్న మామూలు లెన్సు తగిలించుకుని పోయాను. వాళ్ళ గుమ్మంలో వెలుతురుకు పీట వేసి, ఆ కాగితాన్ని దాని మీద పరిచాను. మూలలు లేవకుండా అత్త నాలుగు చింతగింజలు పెట్టింది. మామను సరిగ్గా నడుమకు తెచ్చుకుని తీశాను.