మేట్టుపాళయం ఎండలో వంగిన రికార్డు

నా పెళ్లికంటే పాత అబద్ధం ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని మోస్తూనే తాళి కట్టాను. దాన్ని మోస్తూనే తండ్రినయ్యాను, తాతనయ్యాను. రోజులు గడిస్తే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మా కోయంబత్తూరు ఇళ్లలో అందరం తెలుగే మాట్లాడతాం. చదవడం మాత్రం ఎవరికీ రాదు, బళ్లో నేర్చింది తమిళం, ఇంగ్లీషు. నేను పనిచేసిన మిల్లుకు పత్తి కొనడానికి ఏళ్ల తరబడి గుంటూరులో మకాం పెట్టినవాణ్ణి కాబట్టి నాకొక్కడికే ఈ అక్షరాలు పట్టుబడ్డాయి. నా భార్య పక్కనే కూర్చున్నా ఇది చదవలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఇదీ ఒక ధైర్యమేనా?

నా భార్య సరోజ మా మేనమామ కూతురు. ఆమె అన్న రంగరాజు నా ఈడువాడు, పాటల పిచ్చివాడు. మన పాటలు కావు, ఇంగ్లండు, అమెరికా రాక్ బ్యాండ్లు. మా మామ తోటలో బావి మోటారు గది మీద చిన్న మేడగది ఉండేది. ఆదివారం సాయంత్రం స్నేహితులం అక్కడ చేరి ఒక ఎల్పీ రికార్డును మొదటి నుంచి చివరిదాకా వినేవాళ్లం. కింద మోటారు వేస్తే కరెంటు దిగిపోయి పాట సాగిపోయేది, గాయకుడు నిద్రలో పాడుతున్నట్టుండేది. అందుకని విన్నంతసేపూ తోటకు నీళ్లు కట్టడం మానిపించేవాళ్లం. మామ తిట్టని ఆదివారం లేదు. రంగరాజు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కొత్త రికార్డు ఆదివారానికి ముందు ఎవరూ వినకూడదు. ఒక పక్క అయిపోగానే తలా ఒక మాట చెప్పాలి, ఇంకొకరు చెప్పింది చెప్పకూడదు.

మొదట్లో ఆ గదిలో నా మాటే మాట. ఇంగ్లీషు పత్రికలు తెప్పించుకుని చదివేవాణ్ణి. తర్వాత సరోజ కాలేజీలో చేరింది, వచ్చి గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకసారి మేమంతా గిటారు గిటారు అని ఊగిపోతుంటే, దుఃఖమంతా డ్రమ్ములు వాయించేవాడిది అంది. ప్రతి దెబ్బా రవ్వంత ఆలస్యంగా వేస్తున్నాడట, ఇంటికి పోవడానికి మనసు రానివాడిలా. మళ్లీ పెట్టి విన్నాం. నిజమే. ఆ రోజు నుంచి ఒక పక్క అయిపోగానే అందరూ గుమ్మం వైపే చూసేవాళ్లు. నేనూ మెచ్చుకున్నాను. మెచ్చుకున్నాననే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను.

అప్పుడు రంగరాజుకు లండన్ నుంచి ఒక రికార్డు వచ్చింది. మేం ప్రాణం పెట్టుకున్న బ్యాండు విడిపోయే ముందు చేసింది. మా ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. వాడు దాన్ని అలమరలో పెట్టి, ఆదివారం వరకూ ముట్టకండి అన్నాడు. నేను ముట్టాను. ముందే వినేస్తే ఆదివారం తడుముకోకుండా చెప్పొచ్చు కదా అని. మరునాడు మామ తోట వక్కల లోడు వెనకాలే ఆయన కారులో మేట్టుపాళయం మండీకి వెళ్లాలి. అక్కడ తెలిసినవాళ్లింట్లో ప్లేయరుంది. రికార్డు సంచిలో పెట్టుకుపోయి వెనక సీట్లో వదిలాను. బేరం సాగింది. అద్దాలు ఎత్తిన కారు, మిట్టమధ్యాహ్నం. తిరిగొచ్చి కవరులోంచి తీస్తే రికార్డు అంచు నూనెలో వేసిన అప్పడంలా లేచి ఉంది. ఒక్క పాటా వినలేదు. ఎవరూ చూడకుండా తెచ్చి ఉన్నచోటే పెట్టేశాను.

ఆదివారం సూది కింద రికార్డు ఎగిరెగిరి పడింది. పాట మూలిగింది. ఎవరో మోటారు ఆపమని కేక వేశారు. మోటారు ఆగే ఉంది. రంగరాజు రికార్డు తీసి కంటికెదురుగా పట్టుకుని చూశాడు. తర్వాత పడమటి కిటికీని చూశాడు. తర్వాత చెల్లెల్ని. కవర్ల మీది బొమ్మలు చూడటానికి రికార్డులు తీసేది ఆ ఇంట్లో ఆమే.

"ఎండలో పెడ్తివా?" అన్నాడు.

"నేను దాన్ని తాకనే లేదు అణ్ణా," అంది. ఆపైన నా వైపు తిరిగింది. "బావా, నేను ఎట్ల పట్టుకుంటానో నీకు తెలుసును. నువ్వు చెప్పు."

నేను చెప్పాను. "మరిచిపోయి కిటికీ కాడ పెట్టి ఉంటాది. పోనీ విడు, రంగా."

వినండి ఆ గొంతు. ఆమెను క్షమించినవాడి గొంతు. చేసింది నేను, క్షమించిందీ నేనే.

అలమరకు తాళం పడింది. సరోజ మళ్లీ ఆ మెట్లెక్కలేదు. మేనరికం కాబట్టి పెద్దవాళ్లు ఆమెను నాకే ఇచ్చారు. పెళ్లిపందిట్లో కూడా రంగరాజు, దీని చేతికి ఏదీ ఇవ్వొద్దు బావా, అప్పడం చేస్తుంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రతి పెళ్లిలో, ప్రతి సీమంతంలో వాడు ఆ మాట అన్నాడు. వాడు అది నమ్మే కన్నుమూశాడు. మా ఇంట్లో ఒక గోడ నిండా రికార్డులున్నాయి. స్నేహితులు వస్తే నేను మాట్లాడతాను, డ్రమ్ములవాడి దుఃఖం గురించి కూడా, నాకే తట్టినట్టు. సరోజ కాఫీ ఇచ్చి లోపలికి పోతుంది.

మొన్న మనవరాలు కొత్త ప్లేయరు కొనుక్కుంది, మళ్లీ ఇవే ఫ్యాషనట. ఒక పాట పెట్టి, ఎలా ఉంది అవ్వా అని అడిగింది. సరోజ చేయి తుడుచుకుంటూ, నాకేమి తెలుసు కణ్ణు, తాతను అడుగు అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అంది. మరునాడే ఈ కాగితాలు తీశాను.

ఎందుకలా చేశాను? భయపడ్డాను. కారు మామది, రికార్డు రంగరాజుది, నేనా పైకి రాని కుర్రాణ్ణి. అంతే.

ఇక్కడిదాకా రాసి ఆపాను. సరోజ ముందువసారాలో మునగాకు దూస్తూ, ఏమి రాస్తా ఉండావు, చదివి చెప్పు అంది. అక్షరాలు ఆమెకు రావు గాని, మాట ఆమెదే కదా. దాచుకున్న చోటు అంత పలచనిదని నాకు తట్టనే లేదు. పాత పత్తి బేరాల సంగతని అబద్ధమాడబోయాను. మానుకున్నాను. మొదటి నుంచి చదివాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. చివరిదాకా కదలకుండా వింది, గుమ్మం దగ్గర కూర్చుని విన్నట్టే. ఏడవలేదు. తిట్టినా బాగుండేది. అప్పుడు చెప్పింది.

"మొదటి పక్క బాగుండాది. రెండో పక్కలో భయమని రాసినావే, అది అబద్ధం. ఆ పొద్దు నీ మొగం నేను చూసినాను. భయం లేదు. సంతోషం ఉండె. ఎందుకో అప్పుడు తెలీలే. అది రాయి."

ఇన్నేళ్లలో ఆమె చెప్పిన మొదటి అభిప్రాయం అది. అప్పట్లాగే సరిగ్గా చెప్పింది.

అవును. సంతోషమే. రికార్డు పాడైందని గుండె కొట్టుకుంది నిజమే. కాని ఆమె నా వైపు తిరిగి, నువ్వు చెప్పు అన్నప్పుడు, ఒక్క మాటతో ఆ గుమ్మం ఖాళీ అవుతుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆపై ఆదివారం నుంచి మళ్లీ అందరూ నా వైపే చూశారు, నాకు హాయిగా ఉండింది. ఆమె చెవి ముందు నా చెవి చాలదని నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అందుకు ఆమె చేత పాటే మాన్పించాను.

రాశాను. రాసేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది. సరోజ ఆకు దూయడం అయిపోయింది, చేట తీసుకుని లోపలికి వెళ్లింది.