అత్త చేతి గాముచ్చా

పన్నెండు రోజుల క్రితం ఫోన్ వచ్చినప్పుడు నేను గోపాలపూర్ ఇసుకలో కడుతున్న స్టేజీ మీద, ముప్పై అడుగుల ఎత్తున, ఇనప పైపు మీద కూర్చుని ఉన్నాను. పొద్దున్న తొమ్మిది గంటలు. సముద్రం గాలికి సగం మాటలు ఎగిరిపోతున్నాయి. మా సందులో మనిషి చేశాడు. "అత్త ఎల్లిపోనాదిరా. తెల్లారగట్ల, ఆస్పత్రిలోనే" అన్నాడు. నడుముకి బెల్టు ఉంది. పైకెక్కినప్పుడు బెల్టు పెట్టుకోకపోతే నన్ను తిట్టే మనిషి ఇక లేదు. బెల్టు మాత్రం నన్ను పట్టుకునే ఉంది.

అత్త అంటే నాకు రక్తసంబంధం కాదు. బరంపురంలో, బడా బజార్ వెనక మా సందులో నాలుగో ఇల్లు ఆమెది. ఒక కాలేజీ హాస్టల్లో వంట చేసేది. అక్కడి పిల్లలకు మౌసీ, మా సందు మొత్తానికి అత్త. ఆమె ఇంటి గుమ్మంలో ఎప్పుడూ ఒక మనిషి కూర్చుని ఉంటాడు, ఆమె తమ్ముడు. ఎవరితోనూ మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు, చెంబు ఇస్తే తాగుతాడు.

ఇలాంటి మనిషి పోతే పేపర్లో ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను. నేను చదివింది ఒడియా బడిలో, అదీ ఎనిమిదో తరగతి దాకా. తెలుగు అక్షరాలు నాకు టెంట్ హౌస్ పనిలో ఒక అబ్బాయి నేర్పాడు, పెళ్ళి గేట్ల మీద థర్మోకోల్ పేర్లు అతికిస్తూ. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

అత్త భుజం మీద ఎప్పుడూ ఒక ఎర్ర గళ్ళ తువ్వాలు ఉండేది. మా వైపు దాన్ని గాముచ్చా అంటాం. చేతులు తుడుచుకోవడానికి వేరే గుడ్డ ఉండేది. గాముచ్చా పని వేరు. మా ఊళ్ళో అమ్మవారి యాత్ర జరిగినప్పుడు, డప్పులు దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరికి పూనకం వస్తుంది. జుట్టు విరబోసుకుని అరుస్తారు, ఊగుతారు. అలా వచ్చిన మనిషి కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోయాలి. వెనక ఒకరు నిలబడి, నడుం చుట్టూ తువ్వాలు వేసి, రెండు కొసలూ గుప్పిళ్ళతో పట్టుకోవాలి, పడి తల పగలకుండా. మా సందులో ఆ వెనక నిలబడే మనిషి అత్త. పెద్ద పెద్ద మగవాళ్ళు ఊగుతుంటే కూడా ఆమె చేతులు వదిలేవి కావు. "అరిసినోడ్ని ఆపకూడదు. పడిపోకుండా పట్టుకోవాల, అంతే పని" అనేది.

యాత్ర లేని రోజుల్లో నా మీద ఆ పని చేసేది. నాకు కోపం ఎక్కువ. ఇంటికొచ్చి గోడల మీద అరిచేవాణ్ణి. మా అమ్మ తలుపులు వేసేది, సందు వింటుందని. అత్త వెల్లుల్లి చేట పట్టుకుని వచ్చి నా వెనక గుమ్మంలో నిలబడేది. ఒలుస్తూనే ఉండేది. కాసేపటికి, "అయిందేటి, ఇంకా ఉందా?" అని అడిగేది.

"ఉంది!"

"ఉంటే కానీ. బేగి కానీ. పప్పు పొయ్యి మీద ఎట్టొచ్చినాను."

ఆ మాటకి ఎవడికైనా కోపం ఎలా నిలుస్తుంది?

ఇక నేను చెప్పాల్సిన సంగతి. ఐదేళ్ళ కిందటిది. అత్త పని చేసే కాలేజీలో పండగ చేశారు, ఎక్కడో పెద్ద ఊరి నుంచి రాక్ బ్యాండ్ వాళ్ళను పిలిచారు. స్టేజీ కట్టింది మేమే. అప్పటికి ఆరేళ్ళుగా స్టేజీలు కడుతున్నాను కానీ ఒక్క బ్యాండ్‌నూ ముందు నిలబడి చూడలేదు. స్టేజీ కట్టేవాడు పాట వినకూడదని ఎక్కడా రాసి ఉండదు. అయినా అన్ని చోట్లా అదే రూలు. జనం రాకముందే మమ్మల్ని పెట్టెల వెనక్కి తోలేస్తారు. సౌండు పెట్టెల వెనక పాట ఉండదు, అదురు ఉంటుంది. లారీ తొట్టిలో పడుకుని ఆ అదురు వీపుతో వినడమే మాకు తెలిసింది.

మధ్యాహ్నం మూడింటికి బ్యాండ్ వాళ్ళు సౌండ్ సరిచూసుకోవడానికి ఎక్కారు. పాడేవాడికి నడుం దాకా జుట్టు, కాళ్ళకు చెప్పుల్లేవు. అప్పుడే అత్త మాకు టీ కెటిల్ పట్టుకుని వచ్చింది. మైదానం పక్కనే ఆమె వంటగది. పాడేవాడు మైకు పట్టుకుని ఒక్క అరుపు అరిచాడు. జుట్టు గిరగిరా తిప్పాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. మళ్ళీ అరిచాడు.

అత్త కెటిల్ అక్కడే దించేసి వెనక్కి పరిగెత్తింది. రెండు నిమిషాల్లో చెంబుతో తిరిగొచ్చి, ఎవరు ఆపుతున్నా ఆగకుండా స్టేజీ ఎక్కేసింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఈ గుంటడి మీదికి అమ్మోరొచ్చినాది! ఇంతమంది మగోళ్ళున్నారు, ఎనకాల పట్టుకోడానికి ఒక్కడు లేడేటి?"

చెంబెడు పసుపు నీళ్ళు వాడి కాళ్ళ మీద పోసింది. ఆ కాళ్ళ పక్కనే వైర్లు, గిటార్ వాళ్ళు కాలితో నొక్కే పెట్టెలు. ఫట్‌మని ఒకటి పోయింది. నేను గెంతి మెయిన్ స్విచ్ లాగేశాను. మైదానం అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అత్త వాడి నడుం చుట్టూ గాముచ్చా వేసి, వెనక నిలబడి, కొసలు బిగించి పట్టుకుని, "శాంతించు తల్లీ, నీకేటి కావాలో సెప్పు తల్లీ" అంటోంది.

పాడేవాడికి అర్థం కాలేదు. ఒక కాలేజీ పిల్ల వాడికి హిందీలో చెప్పింది, మీ మీదికి అమ్మవారు వచ్చిందని ఈమె అనుకుంది, మీరు పడిపోకుండా పట్టుకుంది అని. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. పసుపు కాళ్ళకేసి చూసుకున్నాడు. "నేను అరిస్తే మా అమ్మ నోరు ముయ్యమంటుంది" అన్నాడు. తర్వాత అత్తను చూపించి, సాయంత్రం ఈమెను అందరికంటే ముందు నిలబెట్టండి అని చెప్పాడు.

అప్పుడొచ్చాడు మా సూపర్‌వైజరు.

"ఏటే ముసిలీ! నీ అమ్మోర్ని నీ పొయ్యి కాడెట్టుకో! కరెంటు కొట్టి సస్తే ఎవులే జవాబు?"

కరెంటు సంగతి వాడన్నది నిజమే. నేను మెయిన్ లాగిందీ ఆ భయంతోనే. కానీ అంటూ అంటూ అత్త భుజం మీద చెయ్యేసి తోశాడు. చెంబు కిందపడి దొర్లింది.

"సెయ్యి తియ్యి" అన్నాను.

వాడు తీశాడు. తీసి నా చెంప మీద కొట్టాడు. పనివాళ్ళందరి ముందు, కాలేజీ పిల్లల ముందు. "రేపట్నించి నువ్వు రావద్దు, ఫో" అన్నాడు.

నేను ఒక్క మాట అనలేదు. నన్నెరిగినవాళ్ళకు తెలుసు, నేను అరవకుండా ఉన్నానంటే అది మంచిది కాదని. బోల్టులు బిగించే పానా, మోచేయంత పొడవుది, చొక్కా కింద వెనక దోపుకున్నాను. సాయంత్రం వాడు ఎక్కడ నిలబడతాడో నాకు తెలుసు, మైదానం మధ్యలో, సౌండు సరిచేసే మిక్సర్ పక్కన. పాట మొదలైతే ఆ హోరులో పక్కవాడి అరుపు పక్కవాడికి వినపడదు. వాడి తల ఎంత ఎత్తులో ఉంటుందో కూడా చూసి పెట్టుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. అబద్ధం రాయడానికి ఉంది.

చీకటి పడుతుండగా గేటు దగ్గర అత్త ఎదురైంది. ఉతికిన చీర కట్టుకుంది. చెవుల్లో దూది పెట్టుకుంది, ఎవరో పిల్లలు చెప్పారట.

"నువ్వూ రా. నానొక్కర్తినీ ఆ ఇంగ్లీసు పాటలు ఏటి సేసుకోను?"

"నాకు పనుంది అత్తా."

"నీకు పనెక్కడిదిరా, ఇప్పుడే కదా తీసేసినారు!"

అని నా వీపు వైపు ఒక్కసారి చూసింది. నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళింది.

అలా నేను మొదటిసారి ముందు నిలబడ్డాను. మిక్సర్ మా వెనక, యాభై అడుగుల్లో. సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు, చేతులు కట్టుకుని. లైట్లు ఆరాయి. మొదటి దెబ్బ పడింది.

ఆరేళ్ళు ఆ పెట్టెలు మోశాను. వాటి బరువు నా భుజానికి తెలుసు. వాటి లోపల ఇది ఉందని తెలియదు. శబ్దం చెవిలోకి రాలేదు, ఛాతీలోకి వచ్చింది. చొక్కా ఒంటి మీద వణికింది. పళ్ళు జిల్లుమన్నాయి. పాడేవాడు కాళ్ళు కడుక్కోలేదు. పసుపు కాళ్ళతోనే వచ్చాడు. వాడు అరిచింది ఏమిటో ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అది నాకు తెలిసిన అరుపే. మా ఇంట్లో గోడల మీద నేను అరిచేది అదే. తేడా ఏమిటంటే వాణ్ణి ఎవరూ ఊరుకోమనడం లేదు. వేలమంది ఇంకా అరవమంటున్నారు.

రెండో పాటలో నేను వెనక్కి తిరిగాను. చెయ్యి చొక్కా కిందికి పోయింది. ఒక అడుగు వేశాను.

రెండో అడుగు పడలేదు. నడుం చుట్టూ ఏదో బిగిసింది. గాముచ్చా. అత్త నా వెనక కాళ్ళు పాతుకుని నిలబడి ఉంది. గుంజాను. వదల్లేదు. ఇంకా గుంజాను. ఆమె నా చెవి దగ్గరికి నోరు పెట్టి గట్టిగా అంది:

"అరూ! కదలకు. అరూ!"

అరిచాను. స్టేజీ వైపు తిరిగి అరిచాను. ముందు సూపర్‌వైజరు పేరు పెట్టి బూతులు. తర్వాత, అంతకు ముందేడు పైపు మీంచి జారి నడుం విరిగిన మా జతగాడి గురించి. వాణ్ణి ఆటోలో ఎక్కించి, తిరిగొచ్చి మిగిలిన బోల్టులు బిగించిన నా గురించి. ఆ తర్వాత మాటల్లేవు, ఉత్త అరుపే. చుట్టూ అందరూ అరుస్తున్నారు కాబట్టి నన్ను ఎవరూ చూడలేదు. ముందుకు తూలిపోయాను. పడలేదు. గాముచ్చా నన్ను నిలబెట్టింది.

పాట ఆగింది. వెనక చెయ్యి పెట్టి చూసుకుంటే పానా లేదు.

మర్నాడు పొద్దున్న వంటగదికి వెళ్ళి అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"పానా ఇయ్యి అత్తా."

"ఉండనీ. గాస్ బండ బిగించడానికి బాగున్నాది."

కాసేపు ఏరింది. తర్వాత తల ఎత్తకుండా చెప్పింది, ఒకే ఒక్కసారి చెప్పింది. "మా తమ్ముడూ నీలాటోడే. మగ్గాల షెడ్డులో మేస్త్రీ సెయ్యి సేసుకున్నాడని, సేతికందిన సెక్కతో కొట్టేసినాడు. ఆడు సచ్చిపోనాడు. ఈడు జైల్నించి వొచ్చిన కాడ్నించి నోరిప్పలేదు. ఆ రోజు నానీడి ఎనక లేనురా. సంతకెల్లినాను."

తర్వాత ఇంకో రెండు బ్యాండ్లకు వెళ్ళాం, ఆమె, నేను. దూది ఆమే తెచ్చేది, నాకు కూడా. "ఆ జుట్టు గుంటడు మల్లీ ఎప్పుడొస్తాడో" అని అడుగుతుండేది. నేను వేరే చోట పనికి కుదిరాను. ఇక్కడ బెల్టులు ఇస్తారు. ఇప్పించుకున్నాం, అరిచి.

పోయే ముందు మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఎదురు మంచం మీద ఒక పెద్దావిడ నొప్పికి కేకలు పెడుతోంది. వార్డంతా ఆమెను ఊరుకోమంటోంది. అత్త సెలైన్ ఉన్న చెయ్యి కొంచెం ఎత్తి, "ఆవిడెనకాల ఎవులూ లేరు. నువ్వెల్లి నిల్సో" అంది.

నేను వెళ్ళలేదు. నలుగురూ చూస్తారని సిగ్గేసింది. "నువ్వు పడుకో అత్తా" అన్నాను. ఆమె నాకేసి చూసి కళ్ళు మూసుకుంది.

మొన్న పదో రోజు. సందంతా ఆమె ఇంటి ముందు ఉంది. హాస్టల్ పిల్లలు కొందరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. విస్తరి వేసి, అన్నం ముద్ద పెట్టి, కాకి కోసం చూస్తున్నాం. గుమ్మంలో ఎప్పటిలా ఆమె తమ్ముడు. ఉన్నట్టుండి లేచాడు. నోరు తెరిచాడు. మొదట గాలి మాత్రం వచ్చింది. తర్వాత అరుపు వచ్చింది. అన్నేళ్ళ అరుపు. మాట కాదు, పేరు కాదు. ముందుకూ వెనక్కూ ఊగిపోతున్నాడు. "ఊరుకో, ఊరుకో, పట్టుకోండి, నోరు మూయించండి" అని నలుగురు లేచారు.

"ఎవులూ ఆపకండి!" అన్నాను.

లోపల మేకుకి గాముచ్చా వేలాడుతోంది. తీసుకొచ్చి ఆయన నడుం చుట్టూ వేసి, వెనక నిలబడ్డాను. రెండు కొసలూ ఎప్పటివో ముడతలు పడి ఉన్నాయి, చిన్న గుప్పిళ్ళ ముడతలు, ఎన్నిసార్లు ఉతికినా పోనివి. నా గుప్పిళ్ళు అందులో ఇమడలేదు. అయినా బిగించి పట్టుకున్నాను. ఆయన అరుస్తూనే ఉన్నాడు.