కోడికి సాంబ్రాణి పొగ

దుబాయ్ అంటే ఎండే అనుకునేవాళ్ళు ఒక్క చలికాలం ఆ కొండల్లోకి వచ్చి చూడాలి. ముందు మేమున్న ఖోర్ ఫక్కాన్ రేవు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సముద్రపు ఉక్క తప్ప నేను చలి ఎరగను. కరోనా గొడవ సద్దుమణిగాక మా మేడమ్‌వాళ్ళు ఉత్తరాన ఎత్తు కొండల్లో ఉన్న తోట ఇంటికి కాపురం మార్చారు. వంటమనిషిని కాబట్టి గిన్నెలతో పాటు నేనూ వెళ్ళాను. ఆ ఏడు అక్కడ చలి ఎముకలు కొరికేసింది. పొద్దున్నే బకెట్లో నీళ్ళ మీద మంచు పేరుకునేది.

కర్మ కాకపోతే సరిగ్గా ఆ చలి ముందే నేను కోళ్ళు కొన్నాను. నాలుగు పెట్టలు. ఇల్లు మేడమ్‌ది, మంచం మేడమ్‌ది, ఒంటి మీద గౌను కూడా మేడమ్ ఇచ్చిందే. ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ దేశంలో నాకున్నవి ఆ పెట్టలే. అందులో ఎర్రపెట్ట పిలిస్తే చాలు, ఒళ్ళోకి ఎగిరేది. అదంటే నాకు పిచ్చి. మేడమ్ ఒప్పుకుంటూనే మెలిక పెట్టింది. "పెరట్లోనే ఉండాలి. ఒక్కటి గడప దాటిందా, ఖలాస్, కూర చేయించేస్తా." చేయాల్సింది నేనే కదా!

చలి ముదిరిన సాయంత్రం ఎర్రపెట్ట ముడుచుకుని గడగడా వణుకుతోంది. మా గోదావరి వైపు చలి పట్టిన బాలింతకి ఏం చేస్తారు? వేణ్ణీళ్ళు పోసి సాంబ్రాణి వేస్తారు. నా రెండు పురుళ్ళకీ మా అమ్మ అదే చేసింది. గుడ్లు పెట్టేదీ ఆడదే కదా అని దాన్ని తొట్టిలో కూర్చోబెట్టి నీళ్ళు పోశాను. అది నావంక చూసిన చూపు పగవాళ్ళకి కూడా వద్దు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా డ్రైవరు అది చూసి పొట్ట పట్టుకున్నాడు. "అక్కా, కోడికి తానం జేపిస్తున్నవా?" నవ్వినవాడు నవ్వి ఊరుకున్నాడా? "గూడు మొత్తం బంద్ జెయ్యి, ఎచ్చగుంటయి," అని ప్లాస్టిక్ పట్టా, అట్టపెట్టెలు తెచ్చాడు. సాంబ్రాణి వేసి, పొగ బయటికి పోకముందే ఇద్దరం కలిసి ఈగ దూరే సందు లేకుండా గూడు చుట్టేశాం.

బాలింతకి రెండుపూటలా పొగ వేయాలి కదా! తెల్లారగానే మళ్ళీ నిప్పులు రాజేశాను. ఆ పొగ కిటికీలోంచి చూసి మేడమ్ "మంటలు! మంటలు!" అని అరబ్బీలో అరుస్తూ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. వచ్చి పట్టా లాగిపారేసింది. లోపలివైపు నీళ్ళు బొట్లు బొట్లుగా కోళ్ళ మీద కారుతున్నాయి. ఎర్రపెట్ట తడిముద్దలా పడి మెడ వాల్చేసింది.

"ముఖ్ మాఫీ!" అంది మేడమ్. అంటే బుర్ర లేదని. "అవి వదిలిన ఊపిరి ఎక్కడికి పోతుంది? చలి కాదు, ఈ తడి చంపుతుంది. కింద పొడిగా ఉండాలి, పైన గాలి ఆడాలి. చిన్నప్పుడు మా ఇంటినిండా కోళ్ళే. యల్లా, త్వరగా తువ్వాలు తే!"

కోడిని చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది.

"మేడమ్, గడప..." అన్నాను.

"నోరు ముయ్!"

తను జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో సోఫాలో కూర్చుని దాని ఈకలన్నీ ఆరబెట్టింది. మధ్యాహ్నానికి అది గింజ ముట్టింది. నేను మేడమ్ కాళ్ళ మీద పడినంత పని చేశాను.

"కోలుకునేదాకా లోపలే ఉంటుంది," అంది. అక్కడ మొదలైంది. ఖర్జూరం చిదిమి పెట్టడమేమిటి, "హబీబ్తీ" అని ముద్దుచేయడమేమిటి! ఇన్నేళ్ళలో నన్నొక్కసారి అంత ప్రేమగా పిలిచిన పాపాన పోలేదు. తివాచీ మీద రెట్టలు తుడిచేది మాత్రం నేను.

చలి తగ్గింది. గూట్లో ఎండుగడ్డి పరిచి, పైన గాలికి సందు వదిలి, నా కోడి కోసం వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి "బ్బ బ్బ బ్బా" అని పిలిచాను. పెరట్లోంచి మూడూ నా కాళ్ళ దగ్గరికి వచ్చేశాయి. మేడమ్ ఒళ్ళో ఉన్న ఎర్రపెట్ట తలెత్తి నన్ను చూసి, మళ్ళీ రెక్కలో ముక్కు దూర్చుకుంది. ఒళ్ళు మండింది.

"దీన్ని నాకిస్తావా?" అంది మేడమ్, చిన్నపిల్లలా. "బదులు ఏం కావాలో అడుగు."

ఆవిడ నన్నొకటి అడగడం అదే మొదలు.

"బదులెందుకు మేడమ్? ఉంచుకోండి. నేనిచ్చానని గుర్తుంటే చాలు," అన్నాను దర్జాగా. వంటింట్లోకి వచ్చి తలుపేసుకుని బావురుమన్నాను.