సోలార్ పలకలకు చద్దర్లు

సర్కారు సబ్సిడీ, బ్యాంకు లోను కలిపి నీలం నగర్‌లో మా ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించి వారమైంది. మీటరు మాత్రం సున్నా దాటలేదు. ఇవాళ మెకానిక్‌ని పిలిపించి డాబా మీదికి తీసుకెళ్లాను. పలకలన్నిటికీ మా మగ్గం మీద నేసిన కొత్త చద్దర్లు కప్పి, మూలలు నూలుతో బిగించి ఉన్నాయి!

మా వెనకే పైకొచ్చిన అత్తమ్మ కొంచెమైనా తొణకలేదు. "లోను తీస్కొని తెచ్చిన కొత్త సామాను, ధూళి పట్టదా? టీవీకి కప్పలేదా, ఫ్రిజ్‌కు కప్పలేదా?"

"అమ్మా, దీనికి ఎండ తగలాలె," అని మెకానిక్ దండం పెట్టాడు.

"గట్లనా? మరి పొద్దుగూకినంక కప్పొచ్చు గదా?"

అతను మూలల నూలు విప్పి, చద్దర్లు మడిచి ఆవిడ చేతికిచ్చాడు.

ఇందాకే, పొద్దుగూకగానే, ఆవిడ చద్దర్లు చంకన పెట్టుకుని మెట్లెక్కింది. రెండో కొస నేనే పట్టుకున్నాను. మీ ఇళ్లలో కొత్త వస్తువులకు ఇంత మర్యాద జరుగుతోందా?