సైకిలు ఎటు వెళ్తే అటు

బాపట్ల వ్యవసాయ కాలేజీకి వెబ్ ఆప్షన్ పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు. ఇంటర్ బైపీసీ పూర్తయిన మా మనవరాలు రేపల్లెలో మా వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్లు కొరుకుతోంది. దానికి మొక్కలంటే ఇష్టం. బొమ్మలన్నా ఇష్టమే. నాటకాలంటే ప్రాణం. ఈ మధ్య చరిత్ర కూడా పట్టుకుంది.

"నీ వయసులో నాకోసం తెనాలి స్టేషన్‌లో ముగ్గురు ప్రిన్సిపాళ్లు పూలదండలతో నిలబడ్డారే" అన్నాను.

"ముగ్గురా తాతయ్యా!"

"నాలుగో ఆయనకి బండి తప్పిపోయింది."

"దాని చదువుతో వేళాకోళాలేంటండీ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కిందటి వారం మనవరాలూ నేనూ రైలెక్కి ఊళ్లు తిరిగొచ్చాం. బాపట్లలో కాలేజీ పొలం గట్ల మీద నడుస్తూ "ఇదే తాతయ్యా" అంది. వస్తూ తెనాలిలో, పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేసే షెడ్డు చూసి "కాదు, ఇదీ" అంది. మా బండి వేమూరు దాటేసరికి మనవరాలు చరిత్రలోకి వెళ్లిపోయింది. దానికంటే నాకే ఎక్కువ అయోమయం. దిగిన ప్రతిచోటా నాకూ చేరిపోవాలనిపించింది మరి.

"నిజం చెప్పు. కాలేజీలో నువ్వు కామర్స్ ఎందుకు తీసుకున్నావ్ తాతయ్యా?" అంది ల్యాప్‌టాప్ వదిలి నావైపు తిరిగి.

కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి దానికి. ఇక దండలు తీసెయ్యక తప్పలేదు. ప్రిన్సిపాలు కాదు కదా, ప్యూను కూడా రాలేదు. నాకు లెక్కలూ హార్మోనియమూ గడియారాలు విప్పడమూ అన్నీ ఇష్టమే. నా స్నేహితుడికి సైకిలుండేది. వాడు కామర్సులో చేరాడు. నేను వెనక క్యారియర్ మీద కూర్చున్నాను.

"అంతేనా?"

"అంతే."

"తర్వాత బాధపడ్డావా?"

"గడియారం విప్పినప్పుడల్లా పడ్డాను. బిగించాక మర్చిపోయేవాణ్ణి. ఏమోనే, తెలీదు."

అది ముక్కు తుడుచుకుని బాపట్లకు ఆప్షన్ పెట్టేసింది.

"మొక్కల కోసమా?" అన్నాను.

"కాలేజీ హాస్టల్ వెనకాల నాటకం రిహార్సల్ చేస్తున్నారుగా మనం వెళ్లిన రోజు."

"అదీ ఒక కారణమేనా!" అని మా ఆవిడ గరిటెతో సహా బయటికి వచ్చింది. క్యారియర్ మీద కూర్చుని కాలేజీలో చేరినవాడు కారణాల గురించి ఏం మాట్లాడతాడు?

కాసేపటికి మనవరాలు నెమ్మదిగా అడిగింది. "తప్పు చేశానా తాతయ్యా?"

"ప్రిన్సిపాళ్లని కనుక్కుని చెబుతాలే" అన్నాను. నాకు తెలిస్తే కదా!