మంద వెంట మాత్రలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. మడకశిర వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్షయ రోగులు మందులు సరిగ్గా వాడుతున్నారో లేదో చూడడం నా ఉద్యోగం. ఆరు నెలలు రోజూ మింగాల్సిన మాత్రలవి. నడుమ తప్పిస్తే జబ్బు తిరగబెడుతుంది, ఆ పైన మామూలు మందులకు లొంగదు. అందుకే మాత్ర ఎగ్గొట్టిన మనిషి కనబడితే పెద్దా చిన్నా చూడకుండా తిట్టేదాన్ని.

ఆ ఏడు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది. అప్పుడే ఒక గొర్రెల కాపరికి ఈ జబ్బు బయటపడింది. అరవై దాటిన మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. పదిహేను రోజులు మందు మింగాడో లేదో, మేత వెతుక్కుంటూ మందను తోలుకొని వెళ్ళిపోయాడు. పోయి చూస్తే ఇంటికి తాళం. నేను రిజిస్టరు తీసి "చిరునామాలో లేడు" అని రాయబోతుంటే, ఆ ఊరి ఆశా కార్యకర్త అడ్డుపడింది.

"అట్ల రాయొద్దు మేడమ్. ఆయన ఇల్లు గొర్రెలతో పాటే నడస్తాండాది."

"నడిచే ఇంటికి మందులెవరిస్తారు? నువ్విస్తావా?"

"ఇస్తా," అంది.

పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ గొర్రెల ఇళ్ళే ఆమెకు. వరసకు ఆయన్ని మామా అంటుంది. అసలు నేను చెయ్యాల్సిన పని చేశాను. మనిషి మీ వైపు వచ్చాడు, చూసుకోండి అని మంద చేరిన చోటి ఆసుపత్రికల్లా కాగితం పంపాను. కాగితం చేరేలోపు మంద ఇంకో మండలంలోకి జరిగిపోయేది. గొర్రెలకు మా కాగితాలు తెలుస్తాయా!

ఆమెకు మాత్రం మంద దారి తెలుసు. ఎండలు ముదిరితే మా వైపు మందలు గార్లదిన్నె దాకా వెళ్తాయి. అక్కడ కాలువ కింద వరి కోసిన మళ్ళుంటాయి. ఎరువుగా పనికొచ్చే పెంట కోసం రైతులు తమ పొలంలో మంద పెట్టించుకుంటారు. ఏ పొలంలో ఎన్ని రోజులో ముందే మాట అయిపోయి ఉంటుంది. ఆ మాటలన్నీ ఆమె నోటికి చెప్పేసింది. సోమవారం దాకా ఫలానా రెడ్డి మడిలో, ఆ తర్వాత వాళ్ళ బావమరిది చేను, ఆ పైన చెరువు కింద. ఫోన్లో మ్యాపు పెట్టుకొని కూర్చున్న నేను నోరు తెరిచి విన్నాను.

వారానికి సరిపడా మాత్రలు గుడ్డ సంచిలో కట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేది. మంద ఆ వారం ఎవరి పొలంలో ఉంటే ఆ రైతు రోడ్డు మీదికొచ్చి సంచి తీసుకునేవాడు. పై వారం అదే సంచిలో మాత్రల ఖాళీ అట్టలు తిరిగొచ్చేవి. రెండు నెలలు ఒక్క వారం తప్పలేదు. నేను అట్టలు చూసి సంతోషంగా టిక్కులు పెట్టుకున్నాను. ఆమె సంతోషపడలేదు.

"దగ్గు తగ్గల్యా మేడమ్. దినామూ ఫోన్ చేస్తాండా గదా, మాట మాటకూ దగ్గుతాండాడు."

"అట్టలు ఖాళీగా వస్తున్నాయి కదమ్మా, ఇంకేం కావాలి?"

"అట్ట ఖాళీ అయితే ఆయన కడుపులో పడినట్లేనా?"

ఆ మాటకు ఒళ్ళు మండింది. చూపిస్తాను పద అని మరుసటి రోజే ఇద్దరం బస్సెక్కాం. రోజంతా పాడయ్యిందని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

కోసిన మడిలో ఒక తుమ్మచెట్టు కింద కూర్చొని ఉన్నాడు. రెండు నెలలు మందు పడిన ఒళ్ళు కాదది. మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. చూసీ చూడగానే నేను మొదలుపెట్టాను. మాత్రలు యాడ పారేస్తున్నావు, ఇంతమందిమి నీ కోసం తిరుగుతుంటే నీకు లెక్కలేదా అని. ఆయన తల వంచుకొని అంతా విన్నాడు.

"పారెయ్యలేదు తల్లీ. ఒక్క మాత్ర గూడా వృథా పోలేదు."

ఆశా కార్యకర్త మమ్మల్ని చూడడం లేదు. పక్కన గూటానికి కట్టేసిన గొర్రెపిల్లను చూస్తోంది. తల్లి చచ్చిపోయిన ఆడపిల్ల అది, దాని పక్కన పాలసీసా ఉంది. అది కూడా దగ్గుతోంది. ఆమె వెళ్ళి దాని తోక ఎత్తి చూసింది. వెనక కాళ్ళ మీది తెల్లని బొచ్చు ఎర్రగా, నారింజ రంగు పట్టి ఉంది.

ఈ మందు తింటే మూత్రం ఎర్రగా పోతుంది, భయపడొద్దు అని ప్రతి రోగికీ చెప్పేదాన్ని నేనే. ఆమె పక్కన నిలబడి వందసార్లు విని ఉంటుంది. నా కళ్ళ ముందు ఉన్నదాన్ని నేను చూడలేదు.

"మామా, మాత్రలు దీనికీ పెడతాండావా?" అని మెల్లగా అడిగింది.

ఆయన దాచలేదు. "ఒకదినం నాకు, ఒకదినం దానికి. నాదీ దగ్గే, దానిదీ దగ్గే గదా పాపా. నేను చూడాల్సిన ఎండలన్నీ చూసినా. అది మొన్న పుట్టినాది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అయినా ఉద్యోగం కదా, క్రిముల గురించి, సగం మందు చేసే చేటు గురించి, గొర్రె దగ్గు వేరు మనిషి దగ్గు వేరని అరగంట చెప్పాను. అన్నింటికీ సరే తల్లీ, సరే తల్లీ అన్నాడు. ఆ సరే వింటుంటేనే తెలిసిపోయింది, రేపటి మాత్ర మళ్ళీ దానికే పోతుందని.

అప్పుడామె ఆయన ముందు గొంతుకూర్చుంది.

"మామా, నువ్వు పోతే దీనికి పాలెవరు పడతారు?"

ఆయన గొర్రెపిల్ల తల నిమిరాడు. తర్వాత అరచెయ్యి చాపాడు. ఆమె ఆ రోజు మాత్రలు అందులో వేసి చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన మింగాడు. తర్వాత ఆమె పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, పిల్ల దగ్గుకు మందు అడిగి రాయించుకుంది.

పరీక్షకు ఆయన కఫం డబ్బా పట్టుకొని నేను బస్సెక్కాను. సగం సగం మింగినందువల్ల జబ్బు మందుకు మొండికేసి ఉంటే ఆ మనిషి దక్కడు. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. చివరికి మందు ఇంకా పనిచేస్తుందనే వచ్చింది. డాక్టరు గారు మళ్ళీ మొదటి నుంచి ఆరు నెలలు రాశారు. గుడ్డ సంచి మళ్ళీ బస్సెక్కింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన గొప్ప వైద్యం ఏదంటే, ఆ పొలంలో ఆమె తోక ఎత్తి చూసిన ఆ క్షణమే చెప్తాను. మిషన్లు చాలా చూశాను. అట్లాంటి చూపు ఇంకోటి చూడలేదు.

వానలు పడ్డాక మంద ఊరికి తిరిగొచ్చింది. మందులు పూర్తయి, ఆఖరి పరీక్ష కూడా అయింది. ఆ సంగతి చెప్పడానికి ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. ముంగిట్లో ఆ గొర్రె బలంగా ఎదిగి నిలబడి ఉంది, నా చీర కొంగు నమలడానికి వచ్చింది.

"నీకు జబ్బు పూర్తిగా పోయింది పెద్దాయనా," అన్నాను.

"ఇంగ మాత్రలు వద్దా?"

"వద్దు."

ఆయన ముఖం వెలుగుతుందనుకున్నాను. ఆయన ఆశా కార్యకర్త వైపు తిరిగాడు.

"అట్లయితే పాప ఇంగ ఫోన్ చెయ్యదా?"

ఆమె ఆయన పక్కనే అరుగు మీద కూర్చొని సంచిలోంచి బీపీ మిషను తీసింది.

"చెయ్యి ఇట్లియ్యి మామా. బీపీ ఉండాదేమో చూస్తా."