బావ పికప్పు, నేను గీసిన రెండు గీతలు

బండి సొంతానికి కొనాలా, కిరాయికి తీసుకోవాలా అని నన్ను ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి కనుక ఏ లెక్కనైనా దశాంశం దాకా తేలుస్తానని వారి నమ్మకం. అలాంటివారికి టీ ఇప్పిస్తాను, వానల సంగతి మాట్లాడతాను, గుమ్మం దాకా సాగనంపుతాను. సలహా మాత్రం ఇవ్వను. ఎందుకివ్వనో చెప్పాలంటే, వరంగల్లులో మా అక్క సువార్తమ్మ తలుపులు లేని ఇంట్లో కాపురం చేసిన రోజుల గురించి చెప్పాలి. ఆ తలుపులను దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. వాటిని పోగొట్టినవాణ్ణి నేనే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నీరసం వస్తుంది. మొదలుపెట్టాను కనుక చెబుతాను.

అరవైల తొలినాళ్ల మాట. చేతిలో కొత్త డిప్లొమా, చొక్కా జేబులో లెక్కలు కట్టే స్లైడ్ రూలు. అది జేబులోంచి నాలుగంగుళాలు బయటికి కనిపించేలా పెట్టుకొనేవాణ్ణి. అంత పొడవున పెట్టుకున్నవాడి మాట కాదనడానికి ఇంట్లో ఎవరికైనా కొంచెం ధైర్యం కావాలి కదా.

మా బావ దేవదానం స్టేషను దగ్గర వడ్రంగి కార్ఖానా నడిపేవాడు. సరుకు ఊళ్లకు పంపాల్సి వస్తే, బండ్ల అడ్డా మీద కూర్చునే అజీజ్ భాయికి కబురు చేసేవాడు. పికప్పు వచ్చేది, సరుకు దింపేది, వెళ్లిపోయేది. బావకూ ఆ బండికీ ఆ తర్వాత ఏ సంబంధమూ ఉండేది కాదు. ఆ ‘ఏ సంబంధమూ లేకపోవడం’ ఎంత విలువైనదో అప్పట్లో నాకు తెలియదు.

ఆ ఏడు మరిపెడలో కొత్తగా తెరిచే ఒక బడికి బెంచీలన్నీ చేసిపెట్టే పని బావకు దొరికింది. విడతలుగా పంపాలి. చివరి విడత బడి తెరిచేలోగా చేరితేనే డబ్బు. అది బావకు దొరికిన మొదటి పెద్ద పని. అదే సమయంలో అక్కాబావలు కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. గోడలు లేచాయి, కప్పు పడింది, కాపురమూ అందులోకే మారింది. తలుపుల కోసం బావ రెండేళ్లుగా నీడన ఆరబెట్టిన టేకు మాత్రం ఇంకా కోతకు రాలేదు.

“నెలకు ఎన్నిసార్లు కిరాయికి పిలుస్తున్నవ్ బావా?” అని అడిగాను.

“పనిని బట్టి.”

“పనిని బట్టి అంటే లెక్క కాదు బావా.”

“నాకైతే ఇన్నేండ్లు అదే లెక్క.”

గ్రాఫు కాగితం తెచ్చి రెండు గీతలు గీశాను. ఎర్రది కిరాయి: కింద సున్నా దగ్గర మొదలై నిటారుగా పైకి పోతుంది. నీలిది సొంత బండి: పైన ఎక్కడో మొదలై, బుద్ధిమంతుడిలా నెమ్మదిగా నడుస్తుంది. రెండూ ఒకచోట కలుస్తాయి. ఆ చోట ఒక వలయం గీసి గోడకు అంటించాను.

బావ ఆ వలయం మీద వేలు పెట్టాడు. “ఈ రెండు కలిసినకాడ ఏముంటది?”

“అక్కడి నుంచి నీకు లాభం మొదలు.”

“అప్పటిదాక?”

“అప్పటిదాక ఓపిక.”

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “గీతలు మంచిగనే ఉన్నయి తమ్మీ. బండికి పైసలేవి?”

నేను మూలనున్న టేకు వైపు చూశాను. అక్క నా చూపు వెంట చూసింది. “అవి నా తలుపులు!”

“తలుపులకేం తొందర అక్కా? బండి నడిస్తే రెండు జతలొస్తయి.”

“అందాక మేకలను నువ్వాపుతవా?”

“గోనెపట్టాలు కడదాం.”

టేకు అమ్ముడుపోయింది. మిలిటరీవాళ్లు వదిలించుకున్న ఒక పికప్పు ఇంటికి వచ్చింది. నేను దాని కమానుపట్టీలు కొలిచాను, స్టీరింగు వదులు కొలిచాను, టైర్ల గాడిలోతు కాలిపరు పెట్టి కొలిచాను. ఒక్క మాట ముందే చెబుతున్నాను: ఈ కథలో ఎక్కడా బండి చెడిపోదు. చెడిపోయి ఉంటే ఎంత బాగుండేదో! తర్వాత దాని తలుపు మీద మూలమట్టం పెట్టి, ‘దేవదానం కొయ్యపని, వరంగల్లు’ అని మూడంగుళాల అక్షరాలతో స్వయంగా రాశాను.

అప్పుడు బావ నెమ్మదిగా అడిగాడు. “బండి నడిపేదెవరు?”

ఆ అంశం నా గ్రాఫులో లేదు. బావకు నడపడం రాదు, నాకూ రాదు. లైసెన్సు ఉన్న ఏకైక బంధువు మా చిన్నాయిన యేసుపాదం. కాజీపేట లోకోషెడ్డులో పనిచేసి పించను పుచ్చుకుంటున్నాడు.

“రైలింజన్ నడిపినోణ్ణి, ఇదెంత బిడ్డా!” అన్నాడు చిన్నాయిన.

“నువ్వు బొగ్గేసినవ్ చిన్నాయినా. నడిపినోడు వేరే,” అంది అక్క.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరయ్య బండి ముందు నిలబడి ప్రార్థన చేశాడు. ‘ఆమేన్’ అన్న నోళ్లు మూతపడకముందే మూడు అర్జీలు దాఖలయ్యాయి. ఒకరికి కొత్త కోడలి బీరువా తేవాలి. ఒకరికి బర్రెను పశువుల దవాఖానకు చేర్చాలి. గాయక బృందానికి హార్మోనియంతో సహా పక్క ఊరు పోవాలి. కిరాయి బండి రోజుల్లో బావ ‘అది నాది కాదు’ అని ఊరుకునేవాడు. ఇప్పుడు అది ఎవరిదో మూడంగుళాల అక్షరాలు వీధి చివరి దాకా చాటుతున్నాయి.

“సొంత బండి పెట్టుకోని జర మా బర్రెకియ్యవా బావా?” అని అడిగితే, వడ్రంగి అయినా దేశాధినేత అయినా ఏం చెబుతాడు?

బండి బంధువుల చుట్టూ తిరుగుతుండేది, బెంచీలు కార్ఖానాలో కూర్చుని ఉండేవి. బండి ఖాళీ ట్యాంకుతో తిరిగొచ్చినప్పుడల్లా బావ నా గ్రాఫు వైపు చూసేవాడు. అలా చూసే బదులు తిట్టినా బాగుండేది.

అందుకని నేను ఒక నిబంధన తయారుచేశాను. వెదురుపుల్ల ఒకటి చెక్కి, ట్యాంకు నిండితే ఎంతవరకు తడుస్తుందో అక్కడ గీత పెట్టాను. అందరినీ కూర్చోబెట్టి ప్రకటించాను. “బండి తీసుకపోయినోళ్లు ట్యాంకు ఈ గీత దాక నింపే తేవాలె. నింపకుంటే వాపస్ తీసుకోం.”

ఇక ఎవరూ అడగరని నా అంచనా. అందరూ వెంటనే ఒప్పుకున్నారు. ఆ క్షణమే నాకు అనుమానం రావలసింది.

చివరి విడత బెంచీలు సిద్ధమయ్యాయి. బడి బుధవారం తెరుస్తారు. సరిగ్గా అప్పుడే చిన్నాయిన తన తోడల్లుడి సామాను కాజీపేట క్వార్టర్సుకు చేర్చాలని బండి తీసుకుపోయాడు. ఆదివారానికల్లా తెస్తానన్నాడు. ఆదివారం గడిచింది. సోమవారం నేను బస్సెక్కి కాజీపేట వెళ్లాను. తోడల్లుడు దిగిన సామాను మీద కూర్చుని ఉన్నాడు. “బండా? గిప్పుడే పోయె. మీ చిన్నాయినకు ఊపిరాడుతలేదు, తిరుగుతనే ఉన్నడు,” అన్నాడు.

నేను ఒంటరిగా తిరిగి వచ్చేసరికి అక్క గోనెపట్టా పక్కకు తీసి నిలబడి ఉంది. ఆమె వెనక ఇంట్లో ఒక మేక నా గ్రాఫు అంచు నములుతోంది.

“రేపు పొద్దుగాల బెంచీలు కదలకుంటే నా తలుపులు పోయినట్టే. అజీజ్ భాయి కాడికి పోండ్రి,” అంది.

అజీజ్ భాయి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. “అరే, దేవదానం సాబ్! సొంత గాడీ కొన్నరంట, ముబారక్! ఇగ మా దిక్కు చూడరనుకున్న.”

“ఒక్కసారికి కావాలె భాయ్. మరిపెడకు,” అన్నాడు బావ నేల చూస్తూ.

“అన్ని బండ్లు బుక్కయినయి. మొన్ననే కొత్తగ ఒకటొచ్చింది, మస్తు బండి. ఫికర్ చెయ్యకుండ్రి, పొద్దుగాల అడ్డా మీదుంటది. అడ్వాన్స్ మాత్రం వాపస్ రాదు.”

మంగళవారం ఉదయం అడ్డా మీద నిలబడ్డాం. మలుపు అవతల ఇంజను చప్పుడు వినిపించింది. నేను చెవి రిక్కించి, నిపుణుడి గొంతుతో అన్నాను. “ఇంజను మంచిగుంది బావా. కొంటే ఇసొంటిది కొనాలె.”

పికప్పు మలుపు తిరిగింది. దాని తలుపు మీద మూడంగుళాల అక్షరాలు మెరిశాయి. అజీజ్ భాయికి ఉర్దూ తప్ప మరో లిపి రాదు. నా అక్షరాలను ఆయన పూలతీగలనుకొని ఉంటాడు. కిటికీలోంచి చిన్నాయిన తల బయటికి వచ్చింది.

“మీరా కిరాయి పార్టీ?” అన్నాడు.

“నువ్వా కిరాయి బండి?” అన్నాను.

“ఏం చెయ్యమంటవ్ బిడ్డా? నింపకుంటే వాపస్ తీసుకోనంటివి. నా పించను ఒకటో తారీఖుకు గాని రాదు. పెట్రోలుకని ఒక కిరాయి కొట్టిన. పోయొచ్చేసరికి ఉన్నది తాగింది. మళ్ల ఒకటి కొట్టిన. నేను నింపుతనే ఉన్న, అది తాగుతనే ఉంది. ఈ మరిపెడ కిరాయితోని గీత దాక నిండుతది, ఇంటికి తెద్దామనుకున్న.”

బావ అజీజ్ భాయి వైపు తిరిగాడు. “భాయ్, ఇది నా బండి.”

“మాషా అల్లా! మంచి బండి.”

“మరి నా అడ్వాన్స్?”

“బండి కావాలన్నరు, బండొచ్చింది. ఎవరిదని మీరడిగిండ్రా?”

బావ మిగతా కిరాయి కూడా చెల్లించి, తన బండిలో తన బెంచీల మీద కూర్చుని మరిపెడ వెళ్లాడు. బెంచీలు వేళకు చేరాయి. సాయంత్రం చిన్నాయిన బండి ఇంటి ముందు ఆపి, వెదురుపుల్ల ట్యాంకులో ముంచి నా ముఖం ముందు పెట్టాడు. “చూస్కో బిడ్డా, నీ గీత దాక ఉందా లేదా?”

ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

బెంచీల డబ్బు వచ్చిన వారంలోనే బావ పికప్పును అమ్మేశాడు. రెండు డబ్బులూ కలిపి టేకు కొన్నాడు. ఆ టేకు అజీజ్ భాయి పంపిన కిరాయి బండిలో ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఆ తలుపులు దాటి ఎవరు లోపలికి వచ్చినా అక్క ఏమీ అనదు. నేను వస్తే మాత్రం, “దగ్గరికేసి రా తమ్మీ, మేకలొస్తయి,” అంటుంది. ఆ వీధిలో మేకలు లేక ఏళ్లయింది.

కనుక నా స్లైడ్ రూలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో ఈ జన్మలో మరెవరికీ చూపించను. కొనమని గాని, కొనవద్దని గాని అనను. మరీ పట్టుబట్టి అడిగినవారికి ఒక్క ముక్క చెబుతాను: కిరాయి బండి వస్తే, డబ్బు చేతిలో పెట్టేముందు దాని తలుపు మీద పేరు చదువుకోండి.